వేలూరులో తినే చెయ్యి

పోయిన నెల గుడియాత్తం వెళ్ళేసరికి మా తమ్ముడు వంటిల్లు పగలగొట్టిస్తున్నాడు. గ్రానైటు పలకలు, స్టీలు తొట్టి, పొగ పీల్చే గొట్టం, అన్నీ వస్తాయట. రానీ, నాకేం, వండుకునేది వాళ్ళు. కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి చూస్తుంటే, మేస్త్రి మూలనున్న ఇటుక దిమ్మెను సుత్తితో తట్టి నన్నడిగాడు. "ఇదేంటికి కట్టినారక్కా? కూచుందామంటే చిన్నపిల్లకు గూడా చాలదు. బిందె పెడదామంటే చుట్టూ అంచు అడ్డం. గోడకు ఆనించకుండా ఎడంగా లేపినారు. పూత చూడు, అంతా వంకర. కట్టినోడు తాగి కట్టినాడా ఏమి?" నాకు ఒళ్ళు మండింది. కట్టినవాడు మా నాయన. గుడియాత్తంలో ఎన్ని మేడలకు సిమెంటు పూత పూశాడో లెక్కలేదు. చుక్క ముట్టని మనిషి. "పోయి టీ తాగి రాప్పా, తర్వాత చెప్తా" అని అతన్ని బయటికి పంపాను గానీ, చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియలేదు. దిమ్మెను ఏం చేద్దామని అమ్మనడిగాను. అమ్మకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. గట్టిగా అరిచాక విని, చిక్కుడుకాయలు తుంచుతూనే "పగలగొట్టమను. తినే మనిషి లేడు గదా" అంది. ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తేలక కాఫీ చల్లార్చుకుని కూర్చున్నాను.

నాయన తాపీ మేస్త్రి. ఇటుక ఎవడైనా పేరుస్తాడు, పూత పూసేవాడే మేస్త్రి అనేవాడు. మట్టపలక చేతబట్టి పచ్చి గోడ మీద తిప్పుతుంటే ఆ చెయ్యి భుజం దగ్గర్నించి వేళ్ళ దాకా ఒకటే ఊపు. సాయంత్రం ఇంటికొచ్చి ఎంత రుద్దుకుని స్నానం చేసినా ఒంట్లోంచి పచ్చి సిమెంటు వాసన వచ్చేది. మా జేజి, అంటే నాయన తల్లి, ఆయన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని పగుళ్ళకు ఆముదం రాసేది. పక్కన అమ్మ అగ్గిపెట్టెల కంపెనీ నుంచి తెచ్చుకున్న అట్టలు ముందేసుకుని పెట్టెలు అంటించేది. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన, ఆముదం వాసన, సిమెంటు వాసన, పొయ్యి మీద ఉడికే సంగటి వాసన, ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు. ఆ తర్వాత అందరం నేల మీద వరసగా పళ్ళేల ముందు కూర్చునేవాళ్ళం. నాయన సంగటి ముద్దకు బొటనవేలితో గుంట చేసి, దాంట్లో పుల్లగూర పోసుకుని, అంచు నుంచి తుంచుకుంటూ తినేవాడు. నాయన మొదటి ముద్ద మింగేదాకా ఎవరం పళ్ళెంలో చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. అది ఎవరు పెట్టిన ఆచారమో నాకు తెలియదు, అడిగితే జేజి మొట్టికాయ వేసేది.

అవి ఊళ్ళో ఎటు చూసినా ఇసక కుప్పలుండే రోజులు. ఉన్నట్టుండి అందరికీ పైఅంతస్తు కావలసి వచ్చింది. పెంకుటిళ్ళు దించి మిద్దెలు, మిద్దెల మీద మళ్ళీ మిద్దెలు. సందు చివర పసుప్పచ్చ బోర్డుతో ఎస్టీడీ బూతు, దాని పక్కనే రంగుల టీవీ కొట్టు. నాయనకు ఊపిరాడని పని. అట్లాంటప్పుడే వేలూరు పక్కన సత్తువాచారిలో ఒక ఆఫీసరు మేడకు బయటి గోడ పూస్తుంటే, నిలబడడానికి కట్టుకున్న సారం కట్టె జారింది. పడిన ఎత్తు పెద్దదేం కాదు, కానీ పడడం కుడి మోచేతి మీదే పడ్డాడు. వేలూరులో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయారు. ఎముక నుజ్జునుజ్జయింది. తీగలు వేశారు, చీము పట్టింది, తీగలు తీశారు, కడిగారు, మళ్ళీ కట్టారు. నెలలు గడిచేసరికి చీము మానింది గానీ మోచెయ్యి మాత్రం మనిషిని బతకనివ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోతే ముఖం నల్లబడిపోయేది. ఎవరినని తిట్టేది? జేజి ఆ మేడ కట్టిన ఆఫీసరును తిట్టేది, సారం కట్టెను తిట్టేది, ఎవరూ దొరకనప్పుడు నన్ను తిట్టేది.

చివరికి చేతులకు మాత్రమే వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చేతులకు వేరే డాక్టరుంటారని మాకు అప్పుడే తెలిసింది. "అట్లయితే కాళ్ళకు ఇంకొకరా?" అని జేజి అడిగితే నవ్వి అవునంది. ఆమెది కేరళ. ఆమె మాట్లాడే తమిళం మాకు సగమే అర్థమయ్యేది, మా తమిళంలో తెలుగు దొర్లిపోయి ఆమెకు సగమే అర్థమయ్యేది. కానీ ఆ రోజు చెప్పింది మాత్రం అందరికీ అర్థమైంది. కీలు ఇక పనికిరాదు. దాన్ని తీసేసి పై ఎముకను కింది ఎముకకు అతికించేస్తారు. నొప్పి పోతుంది, బలం వస్తుంది. కానీ మోచెయ్యి ఇక మడవదు, చాపదు, పెట్టినచోట నిలబడిపోతుంది. ఆమె తన చెయ్యి చూపించింది. ఇట్లా చాపి అతికిస్తే గోడ అందుతుంది, నోరు అందదు. ఇట్లా మడిచి అతికిస్తే నోరు అందుతుంది, గోడ అందదు. "ఏది కావాలో మీరే చెప్పాలి మేస్త్రీ. ఒకసారి అతికినాక మార్చలేను" అంది.

నాయన చాలాసేపు ఆమె చెయ్యే చూశాడు. "రెండూ ఒక చేత్తోనే గదా డాక్టరమ్మా చేస్తా ఉండేది" అన్నాడు.

ఎడమ చేత్తో తినడం అలవాటు చేసుకుంటారా అని ఆమె అడిగింది. అడగడమే ఆలస్యం, జేజి చెవులు మూసుకుంది. "ఏ చేత్తో ఏం చేస్తారో ఆయమ్మకు తెలీదా? నా కొడుకు ఆ చేత్తో కూడు తినాల్నా?" అని తెలుగులో గొణిగింది. పోనీ ఎడమ చేత్తో పూత పూస్తారా అంటే, నాయన "పూస్తా. వంకరగా పూస్తా" అన్నాడు. డాక్టరమ్మ మా ముఖాలు చూసి, తొందరేం లేదంది. ముందు చాపిన చేతికి పిండికట్టు వేసి ఇంటికి పంపిస్తుంది, కొన్నాళ్ళాగి మడిచిన చేతికి వేసి పంపిస్తుంది. "రెండూ బతికి చూసి చెప్పండి" అంది. మొగుడికి పళ్ళెమా గోడా అని ఆడదాన్ని అడిగితే ఏం చెబుతుందని అమ్మ బస్టాండు దాకా తనలో తనే అనుకుంటూ నడిచింది.

మొదటి కట్టుతో గుడియాత్తం బస్సెక్కాం. నాయన చెయ్యి ముందుకు చాచుకుని నిలబడితే కండక్టరు "ఏమప్పా, బస్సెక్కినాక గూడా చెయ్యి చాపతానే ఉండావే?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు. కిటికీ పక్కన కూర్చుని పిండికట్టును వేలితో తట్టి చూసి, "పూత బాగుండాది. మూలే సరిగా తీర్చలేదు" అన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే పెరటి గోడ పనిలో పడ్డాడు. నేను నీళ్ళు పోస్తుంటే అమ్మ సిమెంటు కలిపింది. చాపిన చెయ్యి భుజం నుంచే తిరిగింది, ఎట్లాగైనా తిరిగింది. కట్టులో కీలు కదలదు కాబట్టి నొప్పి లేదు. గోడ సగం నున్నగా వచ్చేసరికి నాయన వెనక్కి జరిగి చూసుకుని ఈల వేశాడు. జేజి కళ్ళొత్తుకుని, ఇంక సందేహమేముంది, గోడకే పెట్టమందాం అంది. అందరం అదే అనుకున్నాం.

అన్నం వేళ అయ్యేదాకా అదే అనుకున్నాం. చెయ్యి ముందుకు చాచుకుని కూర్చున్న మనిషికి అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. జేజి మమ్మల్ని బయటికి తరిమేది. అయినా తలుపు సందులోంచి చూసేదాన్ని. నాయన గోడ వైపు తిరిగి కూర్చుని, మాకు వీపు పెట్టి, నోరు తెరిచేవాడు. ఒకరోజు అంటించిన పెట్టెలు అప్పజెప్పడానికి అమ్మ కంపెనీకి పోయింది. నేనే కలిపాను. చిన్నచిన్న ముద్దలు చేసి, తమ్ముడికి పెట్టేటప్పుడు అన్నట్టు "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద" అన్నాను, నవ్వుతాడని. నవ్వలేదు. గోడనే చూస్తూ చాలాసేపు నమిలాడు. "చాలు పాపా" అన్నాడు. పళ్ళెం నిండా అన్నం అట్లానే ఉంది. ఉప్పెక్కువైందేమో అని నేను తిని చూశాను, బాగానే ఉంది. పొద్దున ఈల వేసిన మనిషి మధ్యాహ్నం ఇట్లా అయిపోయాడేమిటో నాకు బోధపడలేదు.

తర్వాత మడిచిన కట్టు. ఆస్పత్రిలోనే డాక్టరమ్మ ఇడ్లీ తెప్పించి ఎదురుగా కూర్చుంది. నాయన భుజం కాస్త ఎత్తి, మెడ కాస్త వంచి, తనే తుంచుకుని తనే తిన్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. దారిపొడవునా ఏం వండాలా అని నాతో చెబుతూనే ఉంది. ఇంటికొచ్చి వేడివేడి సంగటి, చింతచిగురు పప్పు పెట్టింది. నాయన పళ్ళెం ముందు కూర్చున్నాడు. చెయ్యి పళ్ళేనికి అందలేదు. వంగాడు, అందలేదు. ఇంకా వంగితే నుదురు పప్పులో మునిగేటట్టుంది. ఎట్లాగో ఒకసారి అందినా నడుము లేపేలోగా ముద్ద ఒళ్ళో పడింది. అమ్మ పళ్ళేన్ని కుడికి జరిపింది, ఎడమకు జరిపింది, ఒళ్ళో పెట్టింది. ఏం చేసినా కాలేదు. "వేలూరులో తినే చెయ్యి గుడియాత్తంలో తినదేమిరా నాయనా!" అని జేజి లబోదిబోమంది. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గులు. నేనైతే, ఒక ఊరి రేషను కార్డు ఇంకో ఊళ్ళో చెల్లనట్టు ఈ చెయ్యి కూడా ఆస్పత్రి గేటు దాటితే చెల్లదేమో అని నిజంగా నమ్మాను. నవ్వకండి, ఇంట్లో ఎవరి దగ్గరా అంతకంటే మంచి కారణం లేదు.

మూడో పూటకు నాయన పళ్ళేన్ని తోసేశాడు. అన్నాన్ని తోసెయ్యడం ఆయన జన్మలో అదే మొదలు. "గోడకే పెట్టమంటా. మే, నువ్వు పెట్టు, నేను మింగతా. అయిపోయింది" అన్నాడు అమ్మతో.

"నేనుండేదాకా పెడతానయ్యా, పెట్టనంటినా? నేను లేకపోతే?" అంది అమ్మ, కింద పడిన మెతుకులు ఏరుతూ. ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కొన్నాళ్ళు తిరిగాం.

మళ్ళీ వేలూరు. నాయన గోడకే పెట్టమన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు. "మొన్న నా కళ్ళ ముందే తిన్నారు కదా?" అంది. "ఈడ తింటాది డాక్టరమ్మా, ఆడ తినదు" అన్నాడు నాయన. ఆమె మళ్ళీ ఇడ్లీ తెప్పించింది. మళ్ళీ శుభ్రంగా తిన్నాడు. ఆమె మా వైపు చూసింది, మేం ఆమె వైపు చూశాం. జేజి చేతులు జోడించి గోడమీది దేవుడి పటానికి దండం పెట్టింది. కాసేపటికి డాక్టరమ్మ "ఇంట్లో పళ్ళెం ఎక్కడ పెడతారు?" అని అడిగింది.

"నేల మీదే. ఇంకెక్కడ పెడతారు?" అంది అమ్మ. పొద్దు ఎటు పొడుస్తుందని అడిగినట్టు చూసింది.

డాక్టరమ్మ తల పట్టుకుని నవ్వేసింది. "నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ నేల మీదే తినేవాళ్ళం. బల్ల మీద పెట్టి పరీక్ష చేసి, సరిపోయిందనుకున్నాను చూడు" అంది. అమ్మ కూడా నవ్వింది, జేజి ఎందుకో తెలియకుండానే నవ్వింది. నాయన మాత్రం నవ్వలేదు. మంచం మీదికి తోసే ఆ చక్రాల బల్లనే చూస్తున్నాడు. ఎడమ చేతి జానతో పరుపు దగ్గర్నించి బల్ల పైదాకా కొలిచాడు. మళ్ళీ ఒకసారి కొలిచాడు. "కొంచెం టైమియ్యండి డాక్టరమ్మా, ఇంటికి పోయొస్తా" అన్నాడు.

బల్లో ముక్కాలిపీటో కొనుక్కోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. అమ్మకూ తోచింది. పక్కింటి నుంచి ముక్కాలిపీట తెచ్చి పెట్టింది. అది ఒక మెతుకు ఎత్తు తక్కువైంది, పైగా చెయ్యి ఆనితే కదిలింది. నాయన దాన్ని పక్కకు పెట్టి, "నా చేతికి మట్టం నేనే కడతా" అన్నాడు. పెరట్లో మిగిలిన ఇటుకలు నేనూ అమ్మా అందించాం. మడిచిన కట్టు రొమ్ముకు ఆనించుకుని, ఎడమ చేత్తో తాపీ పట్టుకుని, వంటింటి మూల దిమ్మె లేపాడు. ఒక్కో వరస వేశాక దాని ముందు కూర్చుని, ఉత్త పళ్ళెం పెట్టుకుని, నోటిదాకా చెయ్యి తెచ్చుకుని చూసేవాడు. పళ్ళెం జారకుండా చుట్టూ అంచు కట్టాడు. పూత పూశాడు. ముందే చెప్పాడుగా, వంకరగా పూశాడు. తమ్ముడు "నాయనా, వంకర!" అంటే "వంకరే" అన్నాడు, అంతే. గోడకు ఆనించకుండా ఎందుకు ఎడం వదిలాడో అప్పుడు నాకు తెలియలేదు. ఆరిన తర్వాత తెలిసింది. ఆ ఎడంలోకి పోయి, గోడకు వీపు ఆనించి, మా అందరి వైపు తిరిగి కూర్చున్నాడు.

అమ్మ సంగటి పెట్టింది. బొటనవేలితో గుంట చేశాడు, పుల్లగూర పోయించుకున్నాడు, అంచు నుంచి తుంచాడు. భుజం ఎత్తి, మెడ వంచి నోట్లో పెట్టుకున్నాడు. మా చేతులు మా పళ్ళేల్లోకి పోలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. అప్పుడు తల ఎత్తి మమ్మల్ని చూసి "ఏందట్ల చూస్తా ఉండారు? తినండి" అన్నాడు. జేజి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. పళ్ళెం ఖాళీ అయ్యాక నాయన నీళ్ళు తాగి, "నోటికే పెట్టమందాం" అన్నాడు.

"మరి గోడ?" అంది అమ్మ.

"గోడకు ఇంకొకడు దొరుకుతాడు మే. నోటికి యాడ దొరుకుతాడు?"

ఆపరేషన్ అయింది. నడుము ఎముక కాస్త తీసి మోచేతిలో పెట్టి అతికించారు. చెప్పినట్టే నొప్పి పోయింది, బలం వచ్చింది, చెయ్యి నోటి దగ్గర నిలబడిపోయింది. నాయన తర్వాత కూడా మేస్త్రిగానే ఉన్నాడు, కానీ గోడ ముట్టని మేస్త్రి. కుర్చీ వేసుకుని కూర్చుని పనివాళ్ళకు చెప్పి చేయించేవాడు. ఎవడైనా మట్టపలక తప్పు తిప్పితే నాయన భుజం కుర్చీలోనే కదిలేది. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. సాయంత్రం ఇంటికొస్తే ఒంట్లో సిమెంటు వాసన ఉండేది కాదు. జేజి అలవాటు చొప్పున ఆముదం తెచ్చి, పగుళ్ళు లేని అరచేతులు చూసి సీసా మూత పెట్టేసేది. అమ్మ అంటించే అట్టల కట్టలు పెరిగాయి. ఇంతకీ ఆయన చేసింది ఒప్పా తప్పా? కుర్చీలో కూర్చున్నప్పుడు చూస్తే తప్పనిపించేది. దిమ్మె ముందు చూస్తే ఒప్పనిపించేది. నాకిప్పుడు మనవరాలుంది, ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్నామధ్య నా కుడి మణికట్టుకు కూడా చిన్న ఆపరేషన్ చేశారు. లోపల నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కేవి. పొద్దున చేర్చుకుని సాయంత్రానికి ఇంటికి పంపేశారు, కుట్లు కూడా కనపడవు. మంచి డాక్టరు, ఏ లోటూ చెయ్యలేదు. ఏ ఇన్సూరెన్సు అని అడిగారు, షుగరుందా అని అడిగారు, పొద్దున ఏం తిన్నారని అడిగారు. ఈ చేత్తో ఏం పని చేస్తారని మాత్రం ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఇప్పుడు లేదేమో. ఇనప మోచేతులు కూడా వచ్చాయని తమ్ముడి కొడుకు ఫోన్లో చూపించాడు, అన్ని వైపులా తిరుగుతాయట. అప్పుడు అది ఉండుంటే నాయన తినేవాడు, గోడా పూసేవాడు, నేను ఈ అయోమయంలో పడేదాన్నే కాదు. కానీ బతికి చూసి చెప్పమన్న ఆ డాక్టరమ్మ కూడా ఉండేది కాదు.

నాయన పోయినప్పుడు హాల్లో చాప మీద పడుకోబెట్టారు. అందరికీ చేతులు పక్కన చాపి కడతారు కదా. ఎడమ చెయ్యి చాపారు. కుడి చెయ్యి రాలేదు, రొమ్ము మీద మడుచుకుని, వేళ్ళు గడ్డానికి తగిలేటట్టు ఉండిపోయింది. సంగతి తెలియని వాళ్ళెవరో బిగుసుకుపోయిందనుకుని లాగబోయారు. "దాన్ని లాగొద్దండి" అంది అమ్మ. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. తర్వాత వాయికరిసి పళ్ళెం తెచ్చారు. మా వైపు పోయినవాళ్ళ నోట్లో అయినవాళ్ళందరూ తలా కాసిని బియ్యం వేసి సాగనంపుతాం. పెద్దబిడ్డను కాబట్టి పళ్ళెం ముందు నాకే ఇచ్చారు. గుప్పెట్లో బియ్యం తీసుకున్నాను గానీ చెయ్యి ముందుకు పోలేదు. గోడ వైపు తిరిగి నోరు తెరిచిన మనిషే కళ్ళ ముందున్నాడు. "వెయ్యి పాపా, టైమైతా ఉండాది" అని వెనక నుంచి తొందరపెడుతున్నారు. అమ్మ లేచి వచ్చి నా గుప్పెట్లోని బియ్యం తను తీసుకుంది. నాయన కుడి చేతి వేళ్ళు మెల్లగా విడదీసి, వాటి మధ్య పోసింది. ఆయన భుజం కింద తన చెయ్యి పెట్టి, ఆయన రోజూ ఎత్తుకున్నట్టే కాస్త పైకి ఎత్తింది. వేళ్ళు నోటికి అందాయి.

"ఉండండి. మొదటి ముద్ద ఆయన తిననీండి" అంది.

తర్వాతే మేమందరం వేశాం.